పదింటికీ ఏడింటికీ నడుమ

బుచ్చిరెడ్డిపాలెం,
14-6-1963

చిరంజీవి విజయభాస్కర్‌కు అమ్మ దీవించి వ్రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా కులాసా. ఆ అస్సాం వానల్లో నీ దగ్గు తగ్గిందనీ, వేళకు తింటున్నావనీ నమ్ముతున్నాను. ఇక్కడ ఎండలకు కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటున్నాయి.

మొన్న బుధవారం చెల్లి పెళ్ళి చక్కగా జరిగింది. సెలవు దొరకలేదని బాధపడకు. యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు, నీకు సెలవు ఎవరిస్తారు? కరుణాకుమారి చర్చిలో అడుగుపెట్టేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. నీకోసమేనని నాకు తెలుసు. చేయి పట్టుకుని నడిపించేది ఎవరని అడిగావు కదా, మీ పెదనాన్నే. మీ నాయన పోయిన ఈ తొమ్మిదేళ్ళలో మన గడప ఎన్నిసార్లు తొక్కారో వేళ్ళమీద చెప్పొచ్చు. అయినా ఆ పది అడుగులూ తానే నడవాలన్నారు. నడవండి బావగారూ అన్నాను.

నీ ఉత్తరంలో ఇంకో ప్రశ్న కూడా ఉంది. దానికి జవాబు చివర రాస్తాను. ముందుకు దూకి చదవొద్దు.

ఇక నీ పెద్ద దిగులు. "పదింటికి పెళ్ళి, ఏడింటికి విందు, అంతసేపు చుట్టాలను ఏం చేస్తావమ్మా, ఎవరిచేతా మాట పడొద్దు" అని రాశావు. ఆ వేళలు నేను పెట్టినవా? పాస్టరు అయ్యగారికి పొద్దునే కుదిరింది. అల్లుడి తరఫు మద్రాసు చుట్టాలు సాయంత్రం బండికి నెల్లూరులో దిగి, బస్సెక్కి రావాలి. వాళ్ళు లేనిదే విందు లేదని సూళ్లూరుపేట వియ్యాలవాళ్ళు తెగేసి చెప్పారు.

మిషను బడిలో రెండు గదులు అడిగి, బల్లలు బయట పెట్టించి చాపలు పరిపించాను. పక్కింటి చెంచులక్ష్మి రెండు కుండల మజ్జిగ చేసింది. మధ్యాహ్నం అందరికీ పులిహోర, పెరుగన్నం. పాటలొచ్చినవాళ్ళకు హార్మోనియం అప్పజెప్పాను, నిద్రొచ్చినవాళ్ళకు విసనకర్రలిచ్చాను. అల్లుడి మేనమామ గురక వీధిదాకా వినిపించింది. మజ్జిగ పలచనైందని ఒకావిడ అనడం తప్ప ఒక్క మాట పడలేదు.

ఆ మేనమామ సంగతి నీకు రాయలేదు. నిశ్చితార్థం నాడు నన్ను పక్కకు పిలిచి ఇలా అన్నాడు: "అమ్మా, విందుకొచ్చేవాళ్ళకు నువ్వు పందిట్లో ఎదురుగా నిలబడబాక. మొగుడు లేని మనిషివి. మనం క్రైస్తవులమే, కాదన్ను. మద్రాసోళ్ళు ఏమన్నా అనుకుంటారు గదా. వంట కాడ ఉండు."

మీ పెదనాన్న "అదీ నిజమేలే" అన్నారు. కుట్టుమిషను తొక్కి, ఒంటిచేత్తో ఆ పిల్లను పెంచినదాన్ని, దాని విందులో పొయ్యి వెనక దాక్కోవాలట! కరుణ ముఖం చూసి నోరు మూసుకున్నాను. మూసుకున్నానే కానీ, మింగలేదు.

ఇప్పుడు నువ్వు అడిగిన ఆ ప్రశ్న. మిల్లు గుమాస్తా హెబ్రోను మనింటికి ఎందుకు వస్తున్నాడని పెదనాన్న నీకు రాశారట, నిజమేనా అని అడిగావు. నిలబడి చదువుతుంటే కూర్చో నాయనా.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి, అదే చర్చిలో, నేను హెబ్రోను గారిని పెళ్ళి చేసుకున్నాను.

ఆయన భార్య పోయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. క్రిస్మస్ అప్పుడు అడిగారు. నాలుగు నెలలు ఆలోచించాను. కరుణ పెళ్ళికి ముందు చేసుకుంటే ఆ సంబంధం చెడేది. తర్వాత చేసుకుందామంటే మీ పెదనాన్న పెద్దమనుషులను కూర్చోబెట్టి నా తల వంచేవారు. మిగిలింది ఆ నడిమి వేళే. దాని పెళ్ళి అయిపోయింది, ఇక ఎవరూ దాన్ని చెడగొట్టలేరు. విందు ఇంకా కాలేదు, చుట్టాలంతా ఇక్కడే ఉన్నారు, నేను ఇంటింటికీ పోయి చెప్పుకునే పని లేదు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చదవాల్సిన మా వివాహ ప్రకటనను అయ్యగారు కోవూరు చర్చిలో చదివారు. మనవాళ్ళెవరూ అక్కడికి పోరు.

అందరూ కునుకు తీస్తున్నారు. నేను ఇంకా బడి మెట్లమీదే కూర్చుని ఉంటే కరుణ వచ్చి చేయి పట్టి లేపింది. "పూలింకా వాడలేదు, రామ్మా," అని తన పూలగుత్తి నా చేతిలో పెట్టింది. రిజిస్టరులో సాక్షి సంతకాలు అదీ, అల్లుడూ చేశారు.

ఏడింటికి పందిటి వాకిట్లో నేనూ ఆయనా పక్కపక్కన నిలబడి రండి రండి అన్నాము. మేనమామ ఉరుక్కుంటూ వచ్చాడు. "ఏందమ్మా ఇది? నిన్ను వంట కాడ ఉండమంటిమి గదా!"

"మొగుడు లేని మనిషిని నిలబడబాక అంటివి గదన్నా. ఇప్పుడు ఉండాడు. ఈయనే," అన్నాను.

అల్లుడు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. మీ పెదనాన్న ఆకు ముందునుంచి లేచి వెళ్ళిపోయారు. మద్రాసువాళ్ళు మాత్రం సుబ్బరంగా తిని, మళ్ళీ మాంసం వడ్డించుకుని, మా ఇద్దరికీ శుభాకాంక్షలు చెప్పి బస్సెక్కారు.

ఆ మాటకు బదులు చెప్పడానికే చేసుకున్నానని అనుకోకు. ఆయన నాకు కావాలి, చేసుకున్నాను. మీ నాయనను మరిచిపోయానని ఎవరైనా రాస్తే నమ్మకు. ఆయన ఫొటో ఈ కొత్త ఇంట్లోనూ గోడకుంది. మేకు కొట్టింది హెబ్రోను గారే.

ఊళ్ళో ఎవరికీ భయపడలేదు, బిడ్డా. నీకు భయపడ్డాను. అందుకే ముందు రాయలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. మిగతాది ఏదీ తప్పని ఒప్పుకోను.

హెబ్రోను గారు మనింటికి ఎందుకు వచ్చేవారంటే, నాకు ఇంగ్లీషు రాదు కదా. నువ్వు పటాలంలో చేరిన నాటినుంచి నీ కవర్లమీద చిరునామా రాసింది ఆయనే. నీ నంబరు ఆయనకు నోటికొచ్చు. నువ్వు చైనా యుద్ధంలో ఉండగా రెండు నెలలు జాబు లేకపోతే, రోజూ పోస్టాఫీసుకు పోయి అడిగి వచ్చింది కూడా ఆయనే.

కొత్త చిరునామా వెనక రాశాను. అక్కడికి జవాబు రాస్తే సంతోషిస్తాను. కోపమొస్తే పాత చిరునామాకే రాయి, పోస్టుమాను నన్ను ఎరుగును, తెచ్చిస్తాడు. అసలు రాయకపోయినా నా ఉత్తరాలు ఆగవు. కవరుమీద ఎప్పటి చేతిరాతే ఉంటుంది.

ఇట్లు,
ఏ ఇంట్లో ఉన్నా నీ అమ్మ,
మగ్దలీనమ్మ