అయిదుగురికి ఒక్క కార్డు

సింగపూర్, ఆదివారం

కన్యాకుమారీ, క్షేమంగా చేరాము, నా మోకాలు కూడా బాగానే ఉంది.

ఈ ప్రయాణంలో నా చదువు ఒక్కసారైనా పనికొస్తే పుస్తకాల అలమర ఉంచుతానని, లేకపోతే పాత కాగితాలవాడికి వేస్తానని నీ తమ్ముడు బంగారురాజు మాట విని పందెం కట్టావు కదా. నిన్న రైలు స్టేషన్‌లో, నరసన్నపేట బస్సులో అందరికీ టిక్కెట్టు తీసే పెద్దమనిషిలా, బంగారురాజు "నానున్నాను, మీరు రండి" అని తన కార్డు గేటుకు తాకించి లోపలికి వెళ్లాడు. వెనకే గేటు మూసుకుంది. చెయ్యి చాచి మళ్లీ తాకిస్తే ఎర్రదీపం వెలిగింది. మనిషికో కార్డు ఉండాలని, దిగినచోటా తాకించాలని చదివి, నేను ముందే నాలుగు కొన్నాను. అతని భార్యకూ, కోడళ్లిద్దరికీ తలా ఒకటి ఇచ్చి దాటించాను.

"ముందే సెప్పొచ్చు కదేటి బావా?"

"ముప్పై యేళ్లుగా సెప్తన్నాను, ఇన్నావేటి?"

ఇప్పుడు ప్రతి గేటు దగ్గరా నా వెనకే నిలబడుతున్నాడు.

అలమర కింది అరకు చెదలమందు కొట్టించు. కొట్టు తాళాలు ఎవరి దగ్గరున్నాయి? నీకూ ఇంటిల్లిపాదికీ నా దీవెనలు. కింద అతని చేతే రాయించాను, చూసుకో.

ఓడిపోనానక్కా. బంగారురాజు.