షారోన్ వంతు

జూలై 7, సోమవారం

కుటుంబ ప్రార్థన ఇక పొద్దున్నే. ఐదున్నరకు. సాయంత్రం కుదరడం లేదు. మైత్రీవనంలో మా కోచింగ్ సెంటర్‌కు కొత్త బ్యాచ్‌లు వచ్చాయి, రిసెప్షన్‌లో ఎనిమిది దాకా నేనే. మాసబ్ ట్యాంక్ ఆఫీసు నుంచి మా ఆయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

మొదటి రోజు. అత్తమ్మ స్నానం చేసి, చాప పరిచి, బైబిల్ తెరిచి సిద్ధం. ఆయన గోడకు ఆనుకుని కునుకు. చిన్నది బ్లెస్సీ తన వంతు రాగానే ఎదురు హాస్టల్ కుక్క కాలు బాగవ్వాలని ప్రార్థించింది, కుక్క పేరు చెప్పి మరీ. పెద్దది షారోన్ ఒళ్ళో దుప్పటి, దుప్పటి కింద ఫోన్. నా వంతులో "ప్రభువా, ఫోన్ తగ్గించే మనసు నా బిడ్డకు దయచేయి" అన్నాను. కళ్ళు మూసుకున్నా అది నన్ను గుర్రుగా చూసిందని తెలిసింది.

మా ఇంట్లో ఎవరిని తిట్టాలన్నా ప్రార్థనలోనే. అత్తమ్మ నేర్పిన విద్య. పెళ్ళైన కొత్తలో నా కూరలో ఉప్పు గురించి కూడా ప్రభువుకే చెప్పేది. నేను పక్కనే కూర్చుని ఆమెన్ అనేదాన్ని.

జూలై 9, బుధవారం

వాన. కరెంటు లేదు. అత్తమ్మ పాటకు పక్కింటి యాదమ్మ లేస్తోందట. గొడవ పెట్టుకుంటుందేమో అనుకున్నా. తన కొడుకు ఉద్యోగం కోసం "జర మాకు సుత ప్రార్థన చెయ్యి అక్కా" అని అడిగి పోయింది.

జూలై 11, శుక్రవారం

షారోన్ ఎప్పుడూ ఒకటే అంటుంది – మమ్మల్ని కాపాడు, ఆమెన్. ఈరోజు మెల్లగా...

"ప్రభువా, నువ్వున్నవో లేవో నాకు తెలుస్తలేదు. గోడతోని మాట్లాడినట్టు అనిపిస్తుంది. ఆమెన్."

లేచి జడ వేసుకోవడానికి వెళ్ళింది. పదహారేళ్ళు నిండలేదు. దాని డబ్బాలో కూర పెట్టడం మరిచిపోయి ఉత్త అన్నం పంపాను. ఇంటర్ చదువు బరువు, అదే సర్దుకుంటుంది అని ఆయన.

జూలై 12, శనివారం

చర్చిలో స్త్రీల కూడిక. ప్రార్థన అంశాలు చెప్పమన్నారు పాస్టరమ్మ గారు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి కోడలు. నేను చెప్పేశాను – మా పెద్దమ్మాయి విశ్వాసంలో చల్లబడింది, దేవుడున్నాడా అంటోంది, భారంతో ప్రార్థించండి అని. ఏడ్చాను కూడా. అందరూ గొంతెత్తి ప్రార్థించారు. మనసు తేలికైంది. వచ్చేటప్పుడు పిల్లలకు మిర్చి బజ్జీలు కట్టించుకున్నా.

జూలై 13, ఆదివారం

ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల దగ్గరే, పాస్టరమ్మ గారు షారోన్ తల మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు. చుట్టూ ఆంటీలు. సందేహం సాతానుదని ఒకామె. దాని ఈడు పిల్లలంతా చూస్తున్నారు. షారోన్ చున్నీ కొస పట్టుకుని నిలబడింది. కళ్ళు తెరిచే ఉంది. నన్నే చూస్తోంది.

ఆటోలో ఒక్కటే మాట: "నేను దేవునికి చెప్పిన. నువ్వు అందరికి చెప్పినవ్."

జూలై 14, సోమవారం

షారోన్ వంతు. మౌనం. అత్తమ్మ కాసేపు చూసి తాను అందుకుంది.

జూలై 15

మౌనం.

జూలై 17, గురువారం

మౌనమే. రాత్రికి దొండకాయ వేపుడు చేయమంది మాత్రం. పరుగున వెళ్ళి తెచ్చాను.

జూలై 19, శనివారం

ఈరోజు కూడికలో లేచి అందరి ముందు ఒప్పుకుందామనుకున్నా – తప్పు నాది, నా బిడ్డది కాదు అని. చెప్పులు వేసుకుంటూ అత్తమ్మకు చెప్పాను. చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది, తల ఎత్తలేదు.

"మల్ల పోయి గా పిల్ల ముచ్చటే చెప్తవా?"

చెప్పులు విప్పేశాను. ఆమెతో కూర్చుని నేనూ ఈనెలు తీశాను.

జూలై 21, సోమవారం

నా వంతులో – ప్రభువా, నా బిడ్డ మనసు నొప్పించాను, క్షమించు అని. బాగానే వచ్చింది. కన్నీళ్ళు కూడా. అయిపోయాక చాప మడుస్తూ షారోన్: "నాకు చెప్పేది సుత ఆయనకే చెప్తవ్ మమ్మీ."

మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఒళ్ళు మండింది. సెంటర్‌లో కోర్సు వివరాలు అడగవచ్చిన ప్రతివాళ్ళ మీదా విసుక్కున్నాను. సాయంత్రానికి చల్లారింది. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది.

జూలై 23, బుధవారం

పంజగుట్ట బస్టాప్ దాకా దానితో నడిచాను. వాన, ఒకటే గొడుగు. కళ్ళు మూసుకోకుండా క్షమించమని అడగడం ఎంత కష్టమో ఈ వయసులో తెలిసింది.

"తప్పు చేసిన బిడ్డా. నీ మాట నేను బయట పెట్టొద్దుండె."

మళ్ళీ ఎవరికైనా చెప్తావా అంది. చెప్పనన్నాను. డాడీకి? డాడీ అక్కడే ఉండె కదనే, అన్నాను. నవ్వింది. కొంచెమే... చాలు నాకు.

బస్సు కనిపించాక: "నాకు ఇంకా గట్లనే అనిపిస్తుంది మరి, గోడతోని మాట్లాడినట్టు."

గొడుగు దానికిచ్చి తడుస్తూ ఇంటికి వచ్చాను.

జూలై 24, గురువారం

పాస్టరమ్మ గారి ఫోన్. షారోన్ ఎలా ఉందని. బాగుందన్నాను. మార్పు వచ్చిందా అని ఇంకా అడిగారు. మీ ప్రార్థనల్లో పెట్టుకోండి అమ్మా, చాలు అన్నాను. నా జీవితంలో ఇంత తక్కువ మాట్లాడిన ఫోన్ లేదు.

ఇక్కడ రాయడం చెప్పడం కిందికి వస్తుందా? రాదనుకుంటా. అయినా ఈ డైరీని బియ్యం డబ్బా వెనక్కి మార్చాను.

జూలై 26, శనివారం

షారోన్ వంతు. అత్తమ్మ అలవాటుగా అందుకోబోయింది. ఆగు నానమ్మా అంది. కళ్ళు మూసుకోలేదు. నా వైపు తిరిగింది.

"మమ్మీ, నీకెప్పుడన్న అనిపించిందా, ఆయన లేడని?"

లేదు అనడానికి నోరు తెరిచాను. పదేళ్ళు సండే స్కూల్లో పాఠాలు చెప్పిన నోరు. పక్కనే అత్తమ్మ. కునుకు వదిలి మా ఆయన.

ఆరేళ్ళ కింద. పెద్ద కష్టమేమీ లేదు అప్పుడు. బ్లెస్సీ పసిది, ఉద్యోగం కొత్త, వంట, బట్టలు. ఒక ఏడాది పాటు చర్చిలో పాటలకు పెదవులు మాత్రమే కదిపాను. లోపల ఎవరూ లేరు. ఎవరికీ చెప్పలేదు.

"అనిపించింది" అన్నాను.

అత్తమ్మ కళ్ళు తెరిచింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. షారోన్ చాప మీద జరిగి జరిగి నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. ఎన్నాళ్ళైంది అది నాకు అంత దగ్గరగా కూర్చుని.

"మరి ఏం చేసినవ్?"

బస్సు టైమైంది, రాత్రికి చెప్తానన్నాను. తప్పకుండా చెప్పాలి అంటూ పోయింది. డైరీ బ్యాగులో వేసుకొచ్చా, ఇప్పుడు నాలుగు దాటింది. సెంటర్‌లో కూర్చుని పొద్దుటి నుంచీ గుర్తు చేసుకుంటున్నా... నిజంగా, ఏం చేశాను?