ఒక్క గడి బాకీ

జనవరి 1, ఉదయం 6.10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త పని!

ముందుగా ఒప్పందం సంగతి. హాల్లో మూడు నెలలుగా ఒక నిచ్చెన నిలబడి ఉంది. పదహారేళ్ల మా మనవరాలు ఆ గోడకి నీలం రంగు వేస్తానని ఎక్కి, సగం వేసి, దిగిపోయింది. మిగతా సగం తెల్లగానే ఉంది. నిచ్చెన మెట్ల మీద మా అబ్బాయి తువ్వాళ్లు ఆరేసుకుంటున్నాడు. నిన్న భోజనాల దగ్గర ఎప్పటిలాగే అన్నాను: "మొదలుపెట్టిన పని ముగించాలి."

ఈ వాక్యం నేను రోజూ అంటాను. ఈ ఇల్లు దాని మీదే నడుస్తోంది.

"అనడం తేలికే నానమ్మా. నువ్వొకటి మొదలుపెట్టి చూడు," అంది మనవరాలు.

ఇంటర్నెట్‌లో ఏదో గ్రూపు ఉందట. జనవరి నెలంతా రోజుకో అంశం ఇస్తారు. ఆ అంశానికి తగ్గట్టు చిన్న ప్రోగ్రామ్ రాస్తే కంప్యూటరే బొమ్మ గీస్తుంది. ఉపయోగం? ఏమీ లేదట, సరదా! పిల్ల నిరుడు చేరి నాలుగో రోజుకే మానేసింది.

షరతులు: నేను ముప్పై ఒక్క బొమ్మలూ పూర్తిచేస్తే తను గోడ పూర్తిచేయాలి. చేయకపోతే ఆ వాక్యం నేను ఈ ఇంట్లో మళ్లీ అనకూడదు. ఎన్నడూ.

సాక్షి సంతకాలు మా అబ్బాయి, కోడలు. కోడలు సంతకం పెట్టిన వేగం నాకు నచ్చలేదు.

ఉద్యోగమంతా ఆడిట్ ఆఫీసులో చేసినదాన్ని. బొమ్మలొక లెక్కా!

11.40. నేటి అంశం: నిలువు గీతలు. పిల్ల పక్కన కూర్చుని నేర్పింది. గీతలు వచ్చాయి. స్కేలు పెట్టి చూశాను. తిన్నగా ఉన్నాయి. భేష్!

జనవరి 2

అంశం: వృత్తంలో వృత్తం. పూర్తి.

చిన్న వాగ్వాదం. తప్పు పడిన పంక్తిని నేను చెరపను. దాని ముందు రెండు గీతలు పెడితే కంప్యూటర్ దాన్ని చదవకుండా వదిలేస్తుంది. పక్కన నా పొట్టి సంతకం, తేదీ. ఆఫీసులో ఇదే పద్ధతి.

"డిలీట్ కీ ఉంది నానమ్మా!"

"ఉందని నొక్కేస్తామా? తప్పును కొట్టేస్తే తప్పు కాదు. చెరిపేస్తేనే తప్పు."

రోజుకో కొత్త ఫైలు తెరవమని కూడా అంది. ఏడాది మధ్యలో కొత్త పుస్తకం తెరిచేవాళ్లంతా ఏదో దాచేవాళ్లే. అన్ని రోజులూ ఒకే ఫైలులో, ఒకదాని కింద ఒకటి. కొత్త బొమ్మకు ముందు తెలుపు పూయమని ఒక పంక్తి రాస్తే చాలు, పేజీ తిప్పినట్టే.

జనవరి 3

అంశం: ర్యాండమ్. అంటే, అంకెలు మనం చెప్పకుండా కంప్యూటరే తోచినవి వేసుకుంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ వేరే బొమ్మ! అడిగినప్పుడల్లా వేరే అంకె చెప్పేవాళ్లను సర్వీసులో చాలామందిని చూశాను. ఇద్దరిని ఇంటికి కూడా పంపాను.

అందుకని అంకెలు నేనే సమకూర్చాను. ఇంట్లోవాళ్ల చెప్పుల సైజులు, మా అపార్టుమెంట్ తలుపుల నంబర్లు, నీళ్ల మీటరు రీడింగ్. అన్నీ సరిచూసినవే. నలభై చుక్కలు వచ్చాయి.

"ఇది ర్యాండమ్ కాదు నానమ్మా."

"ఆధారాలున్న ర్యాండమ్."

గ్రూపులో నా బొమ్మలకు ఇంతవరకు వచ్చిన లైకులు మూడు. మూడూ మనవరాలివే.

జనవరి 5

అంశం: పువ్వు. ఒక రేకు గీయడం, కాగితాన్ని కాస్త తిప్పడం, మళ్లీ రేకు గీయడం. ఇంత క్రమశిక్షణ గల పువ్వు తోటల్లో కూడా ఉండదు. కోడలు చూసి, "ఫ్యాను బాగా వచ్చింది అత్తయ్యా," అంది. కోడలికి కళ్లజోళ్ల దుకాణం. ఊరందరి చూపూ పరీక్షిస్తుంది.

జనవరి 6

ఘోరం!

అంశం: గళ్లు. నాకోసమే ఇచ్చినట్టున్నారు. అడ్డం పది, నిలువు పది. మీట నొక్కాను. మొదటి గడి తిన్నగా ఉంది. రెండోది కాస్త ఒరిగింది. మూడోది ఇంకాస్త. పోనుపోను ఆరేసిన దుప్పటి గాలికి లేచినట్టు మొత్తం వంగిపోయింది!

కారణం దొరికింది. నిన్నటి పువ్వు పంక్తుల్నే కింద మళ్లీ రాసుకుని గళ్లకు మార్చాను. అందులో "కాగితం కాస్త తిప్పు" అన్న పంక్తిని కొట్టేయడం మరిచాను. ఒక్కో గడికీ అది కాగితం తిప్పుకుంటూ పోయింది. చెప్పినట్టే చేసింది పాపం.

సరిచేసేలోగా పిల్ల దాన్ని గ్రూపులో పెట్టేసింది.

సాయంత్రానికి రెండు వందల లైకులు.

జనవరి 7

మూడు వందల పది. "అద్భుతం!" "ఈ వంపు ఎలా సాధించారు?" "గురువుగారూ, మీ అభ్యాసం గురించి చెప్పండి."

జవాబు రాశాను: "పై బొమ్మ పొరపాటున వెలువడినది. దయచేసి పరిగణనలోకి తీసుకోవద్దు. సవరించిన ప్రతి జతపరచడమైనది." తిన్నని గళ్ల బొమ్మ జతపరిచాను.

సవరించిన ప్రతికి లైకులు: సున్నా. మనవరాలు కూడా నొక్కలేదు.

నేటి అంశం పూర్తి. ఏదో వంతెన. నిలబడింది.

జనవరి 9

నిన్న, ఇవాళ బొమ్మలు పూర్తి. రెండూ నిర్దోషంగా ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

నాకేమీ పట్టింపు లేదు. లైకుల కోసం చేస్తున్న పని కాదు ఇది.

మధ్యాహ్నం 3.00. నాలుగు వందల రెండు. (ఆరో తారీఖు బొమ్మకి. ఊరికే చూశాను.)

జనవరి 10

అంశం: వర్షం. చినుకులన్నీ ఒకే దూరంలో, ఒకే వాలులో. పూర్తి. తర్వాత ఒక ప్రయోగం చేశాను. ఇంకో పొరపాటు చేసి చూద్దామనుకున్నాను. గంటన్నర కూర్చున్నాను. ఒక్కటీ పడలేదు! చేయి పోతూ పోతూనే సరిచేసేస్తోంది.

మా అబ్బాయి వెనక నిలబడి చూశాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"తప్పు."

"మరి అంత జాగ్రత్తగానా?"

వాడిది లిఫ్టులు బాగుచేసే పని. సగంలో ఆగిపోయినవాళ్లను కిందికి దింపుతాడు. ఇంట్లో సగంలో ఆగిన పనుల జోలికి మాత్రం రాడు. వీడా నాకు చెప్పేది!

జనవరి 11

అంశం: అల. పూర్తిచేశాను గాని పంపలేదు. కంటికి బాగానే ఉంది. అదే దిగులు.

జనవరి 12

అంశం: కోపం. కోపానికి బొమ్మేమిటి? అంశాలు ఇచ్చే మనిషికి ఒక వరస లేదు. నిన్న అల, ఇవాళ కోపం. రేపు ఆకలి అంటాడేమో.

కళ్లు మసకగా ఉన్నాయి. కోడలు పరీక్ష చేసి, "చూపు బ్రహ్మాండంగా ఉంది అత్తయ్యా," అంది. అవసరమైనప్పుడు దీనికి ఏ లోపమూ కనబడదు.

బొమ్మ రేపు.

జనవరి 13

అంశం: ఆకలి. చెప్పానా!

జనవరి 15

లెక్క స్పష్టంగా ఉండాలి. పన్నెండు, పదమూడు, పధ్నాలుగు, పదిహేను: నాలుగు బొమ్మలు రావలసి ఉంది. వీటిని "ముందుకు తెచ్చిన నిల్వ"గా చూపుతున్నాను. ఇది మానేయడం కాదు. మానేయడం వేరు, నిల్వ వేరు. చదువుకున్నవాళ్లకు తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ కూడా మొరాయిస్తోంది. ఫైలులో వెయ్యి పంక్తులు దాటాయి. ఏడు వందలు కొట్టివేతలు, సంతకాలు. తెరవగానే లోపలి ఫ్యాను విమానం లేచినట్టు రొద పెడుతోంది.

"కొట్టేసినవి తీసేయి నానమ్మా, తేలికపడుతుంది."

"ప్రాణం పోయినా తీయను."

జనవరి 18

సర్దుబాటు పద్దులు:

పదో తారీఖు వర్షంలో నీళ్లున్నాయి. పదహారో తారీఖు అంశం నది. కాబట్టి అదీ చెల్లు.

పదమూడు ఆకలి. ఖాళీ తెర. ఖాళీగా ఉండటమే ఆకలి. చెల్లు.

పధ్నాలుగు నిశ్శబ్దం. అదీ ఖాళీ తెరే. పదమూడు చూడుము.

పన్నెండు కోపం. ఇది రాస్తుంటే బోలెడు వచ్చింది. చెల్లు.

ఇలాంటి పద్దులు ఇంకెవరైనా నా బల్ల మీదికి తెచ్చి ఉంటే... ఆ సంగతి అనవసరం.

జనవరి 20

మోకాలు నొప్పి. టైపు చేయలేను.

జనవరి 23

బొమ్మ వేయకపోయినా గ్రూపుకు నా వంతు సేవ చేయాలి కదా. ఇతరుల బొమ్మలు పరిశీలించి పదికి మార్కులు, సూచనలు పంపాను. "ఎడమ వృత్తం కుడి వృత్తం కన్నా చిన్నది, గమనించగలరు." "రంగు గీత దాటింది. 4/10." "అంశం చదివి రాయండి."

జనవరి 24

గ్రూపులో ఏమీ పెట్టడానికి వీల్లేకుండా వారం పాటు నా నోరు కట్టేశారు. గురువుగారూ అన్నవాడే చేశాడు!

ఇక బొమ్మలు ఎక్కడ పంపను? ఇది నా చేతిలో లేని కారణం. నమోదు చేయడమైనది.

జనవరి 29

మనవరాలు గుమ్మం దగ్గర నిలబడి, "ఎల్లుండి ఆడిట్ నానమ్మా. పేపర్లు రెడీగా పెట్టుకో," అంది.

పేపర్లట! నన్ను!

జనవరి 31, సాయంత్రం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మనవరాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. నా ఎర్ర పెన్సిలే తీసుకుంది. అబ్బాయి, కోడలు సినిమాకి వచ్చినట్టు కుర్చీలు లాక్కున్నారు.

"పన్నెండో తారీఖు బొమ్మ ఏది?"

"సర్దుబాటు చేశాను."

"దేనితో?"

"కోపంతో."

"బొమ్మ చూపించు."

"అనుభవించాను. చూపించడానికి లేదు."

ఎర్ర గుర్తు పెట్టింది. "పదహారు, నది?"

"పదో తారీఖు వర్షం చూడు."

"ఒకే వోచరు రెండుసార్లు వాడొచ్చా నానమ్మా?"

మా అబ్బాయి దగ్గినట్టు నటించాడు.

"ఈ సర్దుబాట్లు సరైనవేనని తనిఖీ చేసిందెవరు?"

"నేనే."

"రాసినవాళ్లే తనిఖీ చేసుకోకూడదని నాకు చెప్పిందెవరు?"

నేనే. దాని పదో ఏట, దాని చిల్లర డబ్బా లెక్క దగ్గర.

మూడు గంటలు కూర్చుంది. ఫైలు మొత్తం, కొట్టివేతలతో సహా, చివరి పంక్తి వరకు చదివింది. మధ్యలో ఫోను మోగితే తీయలేదు. మూడు పేజీల నివేదిక రాసింది. బొమ్మలు: పదకొండు. మిగతావి: సమర్పించలేదు. ఇంత శుభ్రమైన నివేదిక నా కింద పనిచేసిన ఏ ఒక్కరూ రాసివ్వలేదు. ఆ మాట పైకి అనలేదు.

చివర అడిగింది: "అభ్యంతరాలు?"

"లేవు," అని సంతకం చేశాను.

"అయితే అత్తయ్యా, ఇవాళ్టి నుంచి..." అంటూ కోడలు వాక్యం పూర్తిచేయకుండా వదిలేసింది. కావాలనే!

ఫిబ్రవరి 3

ఇల్లు జారిపోతోంది. అబ్బాయి సగం గిన్నెలు తోమి టీవీ ముందు కూర్చున్నాడు. కోడలు బీరువా సర్దడం మొదలుపెట్టి, బట్టలు మంచం మీద పోసి, దుకాణానికి వెళ్లిపోయింది. నోరు తెరిచాను. అందరూ నా వైపే చూశారు. గ్లాసెత్తి నీళ్లు తాగాను.

ఇవాళ చాలాసార్లు నీళ్లు తాగాను.

ఫిబ్రవరి 8

మనవరాలు నిచ్చెన ఎక్కింది! ఎవరూ అనకుండానే! షరతు ప్రకారం దానికి ఆ అవసరమే లేదు.

గోడ తెల్లసగం మీద నీలం గళ్లు వేస్తోంది. చూస్తే ఆరో తారీఖు బొమ్మ. మొదటి గడి తిన్నగా, తర్వాతవి ఒరుగుతూ, వంగుతూ... నా పొరపాటు నా హాల్లోనే, మనిషెత్తున!

"అది తప్పు బొమ్మ," అన్నాను కింద నుంచి.

"కొట్టేసి సంతకం పెడతావా నానమ్మా, గోడ మీద?"

నిచ్చెన కదలకుండా పట్టుకున్నాను. పడిపోతుందేమోనని. అంతే.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం

తొంభై తొమ్మిది గళ్లు అయ్యాయి.

వందోది, కింద కుడి మూలది, మిగిలింది. అరచేయంత గడి. పిల్ల లేచింది. కుంచె డబ్బాలో పెట్టింది. చేతులు కడుక్కుంది. చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"ఫ్రెండు ఇంటికి."

నేను గోడ వైపు చూశాను. అదీ గోడ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఏమైనా అనాలా నానమ్మా?"

గొంతు దాకా వచ్చింది. నాలుక మీద నిలబడింది.

"జాగ్రత్తగా వెళ్లిరా," అన్నాను.

నవ్వుకుంటూ వెళ్లింది. మావాడు వచ్చి తువ్వాలు నిచ్చెన మీద ఆరేశాడు.

సాయంత్రం 6.10

కొత్త ఒప్పందం రాశాను. రేపటి నుంచి ముప్పై ఒక్క రోజులు, గ్రూపువాళ్ల నిరుటి అంశాలతో. పూర్తిచేస్తే ఆ వాక్యం నాకు తిరిగి రావాలి. మనవరాలు ఇంటికి రాగానే చదివి, వెంటనే సంతకం చేసింది. కోడలికి పెన్ను దొరకడం లేదట.

సవరణలు: రోజుకో కొత్త ఫైలు. సర్దుబాటు పద్దులు ఉండవు. మార్కులు వేయను. (వేసినా పదికి ఆరు కన్నా తక్కువ వేయను.)

మొదటి అంశం చూశాను. సరళరేఖ. అనుభవం ఉన్న విషయమే!

ఆ గడిని నేనే వేసేయొచ్చు. రెండు నిమిషాల పని. కుంచె కూడా తీశాను. మళ్లీ డబ్బాలో పెట్టేశాను. అది నేను మొదలుపెట్టిన పని కాదు.

నీళ్ల కూజా ల్యాప్‌టాప్ పక్కకి తెచ్చుకున్నాను.