స్లో కుక్కరు ఎవరికి, పిల్ల ఎవరి దగ్గర

హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పని చేసిన నేను, మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఒళ్ళు నా మాట వినడం మానేసింది గానీ బుద్ధి ఇంకా వింటోంది. ఈ సంగతి డాక్టరు గారు వేరే కాగితం మీద రాసి ఇచ్చారు, దీనికి జతచేశాను. రాయమని నన్నెవరూ బెదిరించలేదు. బతిమాలినవాళ్ళు మాత్రం ఒకరున్నారు, ఆ సంగతి కింద వస్తుంది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఈ వయసులో రాయాల్సి వస్తుందని అనుకోనూ లేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి చివర మందుల షాపు నడిపే పెద్దాయనకు అప్పగిస్తున్నాను. ఆయన మాలో ఎవరికీ చుట్టం కాదు, ఎవరి మొహమాటానికీ లొంగే రకమూ కాదు.

1. నాకు ఒక్కతే కూతురు. ఆరో తరగతి చదువుతోంది. ఏ విషయం మీదైనా తీర్పు చెప్పందే ఊరుకోదు గనక ఇంట్లో అందరం జడ్జిగారు అంటాం. బ్యాంకులో నా పేరున ఉన్నదంతా, నా చేతి గడియారం, నా పుస్తకాలు జడ్జిగారికి చెందాలి. నా ఆకుపచ్చ స్వెట్టరు కూడా. ఇప్పుడు మోకాళ్ళ దాకా వస్తుంది, పొట్టి చేయించవద్దు. అదే పెరుగుతుంది.

2. లాండ్రీలో నా పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆమెకు నా ఎత్తు స్టూలు ఇస్తున్నాను. నేను సెలవు పెట్టిన ప్రతిసారీ దాన్ని లాక్కుని, నేను వచ్చాక ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేది. ఇక లాక్కోనక్కర్లేదు. హాయిగా కూర్చోమనండి.

3. నా భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. జడ్జిగారి కన్నతండ్రి పిల్లకు నడక రాకముందే పోయారు. ఈయన ఆ తరువాత కొన్నేళ్ళకు మా జీవితంలోకి వచ్చారు. పిల్ల ఈయన్ని బాబాయి అంటుంది. నాన్న అని పిలవమని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇల్లు ఎలాగూ ఆయనదే. నా రేడియో, నా ఫ్లాస్కు, నేను తలకింద పెట్టుకున్న ఈ దిండు ఆయనకు ఇస్తున్నాను. దిండు ఉతికించమని ఎవరైనా అంటే వినవద్దు.

4. స్లో కుక్కరును నా భర్తకూ నా కూతురికీ ఉమ్మడిగా ఇస్తున్నాను. విడదీసే హక్కు ఎవరికీ లేదు.

ఎందుకు కొన్నామో రాస్తే దాని విలువ తెలుస్తుంది. నాది మధ్యాహ్నం షిఫ్టు. ఆయన ఫోను ఎప్పుడు మోగితే అప్పుడు పరుగెత్తాలి, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రెండంతస్తుల మధ్య ఇరుక్కునే ఉంటారు. పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. ఎండిన బ్రెడ్డు ముక్క తిని ఆకలి చంపుకునేది. పొద్దున అన్నీ వేసి వెళ్తే సాయంత్రానికి నిదానంగా ఉడికి, తినేవాళ్ళు వచ్చేదాకా వేడిగా ఉంచే కుక్కరు ఉందని లాండ్రీలోనే ఎవరో చెప్పారు.

షాపులో మనిషి ఒళ్ళంతా బటన్లున్న పెద్దదొకటి చూపించి, అది కొనకపోతే మా బతుకే దండగ అన్నట్టు మాట్లాడాడు. మా ఆయన ఒక్కటే అడిగారు, కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే దానంతటది మళ్ళీ మొదలవుతుందా అని. అతను అట్టపెట్టె తిప్పి చదవడం మొదలుపెట్టాడు. చేత్తో తిప్పే మామూలు రకం తీసుకున్నాం. ముగ్గురికి సరిపోయే సైజు. లోపలి గిన్నె బయటికి వస్తుంది, తోముకోవడం తేలిక. మూత గాజుది, తియ్యకుండానే లోపల కనిపిస్తుందని ఏరి మరీ తెచ్చుకున్నాం. ఆ మూతే మా కొంప ముంచింది.

5. ఇక మా అక్క సంగతి. అక్క బట్టలు కుడుతుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. జడ్జిగారి తండ్రి పోయినప్పుడు మా ఇద్దరినీ తన ఒంటిగదిలో పెట్టుకుని కళ్ళల్లో వత్తులేసుకుని చూసుకుంది. పిల్ల మొదటి అడుగులు అక్క కుట్టుమిషను పట్టుకునే వేసింది. నా జబ్బు నయమయ్యేది కాదని తెలిశాక, పిల్లను తనకు ఇచ్చెయ్యమని బతిమాలింది. పైన చెప్పిన ఒకరు ఆవిడే.

అక్క అలా అడగడానికి వచ్చిన రోజే మా ఆయన మొదటిసారి ఒక్కరే కుక్కరు పెట్టారు. ఎండు చిక్కుడు గింజలు, మాంసం, బంగాళాదుంపలు, అన్నీ కుదురుగానే వేశారు. కానీ ఆయన లిఫ్టు మెకానిక్కు. ఏ పెట్టె అయినా తెరిచి లోపలికి తొంగి చూడందే ఆయనకు నమ్మకం కుదరదు. ఆ రోజు నా కోసం సెలవు పెట్టి ఇంట్లోనే ఉండటంతో, ఆవిరి పట్టిన గాజులోంచి కనబడక ఒకటే పనిగా మూత తీసి చూస్తూ కూర్చున్నారు. తీసినప్పుడల్లా దాచుకున్న వేడంతా ఆవిరైపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. భోజనాల వేళకు గింజలు గులకరాళ్ళలాగే ఉన్నాయి. అక్క ఒకటి కొరికి కంచం పక్కకు నెట్టింది. "సొంత రక్తం కాదు. పిల్లకి ఓ పూట వండిపెట్టడం చేతకాదు. రేపు ఇంకో పెళ్ళి చేసుకుంటే దీని గతేంటే?" అంది. పిల్ల అక్కడే ఉంది. ఆయన కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఆ మాట అన్నందుకు అక్క మీద నాకు కోపం ఉంది. ఇది రాస్తున్నప్పుడూ ఉంది. కానీ అక్క భయం ఉత్తిది కాదు. అదే భయం నన్నూ తినేస్తోంది.

6. నా తదనంతరం నా కూతురి సంరక్షణ బాధ్యత, చదువు, ఆరోగ్యం విషయాల్లో నిర్ణయాధికారం పూర్తిగా నా భర్తకే అప్పగిస్తున్నాను. పిల్లను అడిగాను, బాబాయి దగ్గరే ఉంటానంది. నా కారణం ఇది.

ఆ గింజల మర్నాడు ఆయన తన పనిసంచిలోంచి ఒక ఎర్ర అట్ట తీశారు. రిపేరులో ఉన్న లిఫ్టుకు తగిలించేది, "పని జరుగుతోంది, తెరవరాదు" అని ఉంటుంది. దాన్ని కుక్కరు మూతకు కట్టారు. ఎవరి కోసమంటే, తన కోసమే. అది చూసి జడ్జిగారు అప్పటికప్పుడు తీర్పు చెప్పింది, మూత తెరిచినవాళ్ళు వారమంతా గిన్నెలు తోమాలని. తరువాత కూడా ఆయన ఆగలేక దొరికిపోయారు, వారమంతా తోమారు. పిల్ల స్టూలు మీద నిలబడి, ఇక్కడ జిడ్డుంది, అక్కడ మసుందని వంకలు పెడుతుంటే మళ్ళీ తోమారు. ఇద్దరూ నవ్వుకోవడం మంచం మీదికి వినబడింది. చాలా రోజుల తరువాత ఈ ఇంట్లో విన్న నవ్వు అది. పిల్ల వేసిన శిక్షను అలా అనుభవించే మనిషి చేతుల్లో పిల్లను పెట్టడానికి నాకు రక్తం అడ్డు రాలేదు.

7. వాడకం గురించి. గింజలు రాత్రే నానబెట్టి, పొద్దున పొయ్యి మీద బాగా తెర్లనిచ్చాకే కుక్కర్లో వెయ్యాలి. పచ్చివి వేస్తే ఒంటికి మంచిది కాదు. దుంపలు అడుగున, మాంసం పైన. ఫ్రిజ్జులో గడ్డకట్టిన మాంసం అలాగే వెయ్యవద్దు. నీళ్ళు తక్కువే పొయ్యండి, మూత పెట్టాక చుక్క కూడా ఎక్కడికీ పోదు. వేడి గిన్నెను చన్నీళ్ళ కింద పెడితే పగులుతుంది.

ఉప్పు సంగతి. ఎలా ఉందని మీరిద్దరూ రోజూ అడిగారు. సరిపోయిందని రోజూ చెప్పాను. మందులు మొదలైన దగ్గర్నుంచి నా నాలుకకు ఏ రుచీ తెలియడం లేదు. జడ్జిగారు మారు వడ్డించుకుంటే సరిపోయిందనీ, మంచినీళ్ళ కోసం లేస్తే ఎక్కువైందనీ మీ మొహాలు చూసి పోల్చుకునేదాన్ని. ఇకమీదట ఒకరినొకరు అడగండి.

నాకు పోవాలని లేదు. వీలునామాలో ఇలాంటివి రాయరని, దీన్ని చదివి చూసిన వకీలు గారన్నారు. రాశాను, ఉండనివ్వండి.

8. మా అక్కకు ఇందులో ఏమీ ఇవ్వడం లేదు. కోపంతో కాదు. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు ఏమీ రాయకూడదట, నాకు సాక్షిగా అక్కే కావాలి. ఆరో అంశం చదివి, మనసొప్పి సంతకం పెట్టాలి. పెట్టకపోతే కోర్టులో పిల్లను చెరో చెయ్యీ పట్టుకుని లాగుతారు. నేను చూడను, కానీ అది చూస్తుంది.

ఒక్క మాట మాత్రం ఆస్తి కిందికి రాదని వకీలు గారు ఒప్పుకున్నారు. కుక్కరు ముగ్గురి కోసం కొన్నది. ముగ్గురికి తక్కువ వేస్తే అడుగు మాడుతుంది. అంటే ఇద్దరే ఉన్నా మూడో మనిషి వంతు వండక తప్పదు. ఆ వంతు నా ఫొటో ముందు పెట్టి ఏడవవద్దు. అక్కను పిలవండి. అక్కా, నువ్వు కుట్టుపని ముగించి, ఏ బన్నో తిని పడుకుంటావని నాకు తెలుసు. పిలిస్తే వెళ్ళు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని తిను.

పై ఎనిమిది అంశాలూ చదువుకుని, నేనే సంతకం చేశాను.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం.

వీలునామా రాసిన మనిషి: (సంతకం)

మొదటి సాక్షి: (సంతకం) ఇంటికి వచ్చి మందులు ఎక్కించే నర్సు.

రెండో సాక్షి: (సంతకం) అక్క. ఆరో అంశం చదివాను, ఒప్పుకుంటున్నాను. పిలవకపోయినా వెళ్తాను. నువ్వు లేని ఇంట్లో నాకు ముద్ద ఎలా దిగుతుందో మాత్రం ఇందులో ఎక్కడా రాయలేదేమే.