జానెడు పైకి లేపిన మాగ్నెట్

గంగారాం అన్నకు తమ్ముడు సాయిలు వంగి దండం పెట్టి రాసేది. ఈడ నా పానం మంచిగనే ఉంది. అవ్వ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయి? వదిన, పిల్లలు మంచిగున్నరా? బర్రె ఈనిందా?

ఈడ చలి బాగ పెడుతుంది. లేస్తే చెరుకు మడ్డి వాసన, పండుకుంటే గదే వాసన. తిండి అంటవా, జొన్న రొట్టె, కారం. అర్రల నాతోని ఇద్దరు మరాఠోళ్లు ఉంటరు. వాళ్లల్ల వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను గోడను సూస్కుంట కూసుంట. నా ఫికర్ చెయ్యకుండ్రి, మంచిగనే ఉన్న.

అన్నా, ఇగ అసలు ముచ్చట. కోపం రాకుంట సదువు. కోపం నా దగ్గరనే మస్తుంది.

బోధన్ పెద్ద ఫ్యాక్టరీల జాగ దొరకక గీ చిన్న కార్ఖానల పడ్డ, నీకెరుకే. నా పని మాగ్నెట్ కాడ. పట్టా మీద చెరుకు పోతుంటే అది పైన ఏలాడుతుంటది. చెరుకుల మేకున్నా, నట్టున్నా గుంజుకుంటది, గానుగల పడనియ్యది. దానికి బలం ఎట్లొస్తదో వైండింగ్ మిస్త్రి నాకు నేర్పిండు. రాగి తీగ చుట్లు ఎక్కువుంటె బలం, కరెంటు ఎక్కువ పోతె బలం. గని ఇనుము జర దూరమైందంటె ఇగ ఎన్ని చుట్లుంటె ఏంది, ఉన్న బలమంత సస్తది.

ఈ సీజన్ మొదలుకాంగనే ఫోర్మన్ సాబ్ దాన్ని జానెడు పైకి లేపిచ్చిండు, చెరుకు ఇంకింత కుప్పవోసి తోలొచ్చని. నేను బోల్టుకు దారం కట్టి సూపిచ్చిన. నాలుగు వేళ్ల దూరంల పెడితె టక్కున ఎగిరి అంటుకుంది. జానెడు కిందికి తీస్తె కదలనే లేదు. "సాబ్, గిట్లయితె అడుగునున్న ఇనుము రాదు" అన్న. "నువ్వు ఇంజినీరువా రా? స్విచ్ ఏసుడు, తీసుడు సూస్కో" అన్నడు. పోయి స్విచ్ కాడనే నిలవడ్డ. పక్కా నౌకరి కాయితం ఆయన చేతుల ఉండె మరి.

మొన్న సోమవారం ఈ సీజన్ల నీ తొలి బండి వచ్చింది. దూరంకెల్లి సూసి చెయ్యి గూడ ఊపిన. నువ్వు చెరుకు దించి పోయినవ్. పగటాల్ల గానుగల దడేల్‌మని చప్పుడు. రోలర్ పండ్లు ఇరిగి కార్ఖానంత ఆగింది. లోపలికెల్లి ఇనుము తీసింది నేనే. పిడి లేని కొడవలి, దానికి పసుపు రాసిన ఎర్ర పేలిక, అవ్వ ఏసే మూడు ముళ్లు. అయ్యో దేవుడా అనుకున్న. బాపు చేతుల అరిగిన కొడవలి అన్నా, నేను గుర్తు పట్టనా?

ఇంటోళ్ల మీద ఒకని కన్ను పడొద్దని తొలి బండికి దిష్టి ఇనుము కట్టంది అవ్వ ఇంట్లకెల్లి పోనియ్యది, నాకెరుకే. అందుకే దసరకు వచ్చినప్పుడు నీ చేతులు పట్టుకొని చెప్పిన, పొలిమేర దాటంగనే తీసెయ్యుమని. "సరే తియ్" అని నవ్వినవ్. బండి తోలింది నువ్వే గదనే? గింత యాది లేకపాయెనా?

ఇంజినీర్ సాబ్ వచ్చి మాగ్నెట్ ఎందుకు పట్టలేదని అడిగిండు. "గీడు స్విచ్ ఎయ్య మర్చిండు" అన్నడు ఫోర్మన్. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ! జానెడు లేపిన ముచ్చట నా నాలిక మీదికి వచ్చింది. గని తకరారు పెడితె ఇనుము ఎవని బండిదని ఎతుకుతరు. ఆ రోజు తొలి బండి మనదొక్కటే. మనదని బయటపడితె ఇగ మన చెరుకు ఈ కార్ఖాన ముట్టది. పేలిక ముందే ఇప్పి జేబుల ఏసుకున్న. "తప్పు నాదే, మాఫ్ చెయ్యుండ్రి" అన్న.

పక్కా కాయితం పోయింది. నన్ను పిప్పి ఎత్తేకాడ ఏసిండ్రు. దుమ్ముకు జర దగ్గు పట్టింది, అవ్వకు చెప్పకు. ఇంకో మాట ఇను. నన్ను తీసిన మర్నాడే మాగ్నెట్‌ను మల్ల జానెడు కిందికి దించిండ్రు. కొత్తోడు బకెట్ నిండ మేకులు ఏరుతుండు. ఫోర్మన్ వాని భుజం తడుతుండు.

నీ మీద కోపం తగ్గలే, అబద్ధమెందుకు. తగ్గినంక వస్త. ఇటు వచ్చేటోళ్లుంటె నా కంబలి, కొంచెం మామిడి తొక్కు పంపు. వదినకు, పెద్దోళ్లందరికి నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

అవ్వను అడిగిన అని చెప్పు. వచ్చే ఏడు బండికి ఇనుము కట్టొద్దను. ఒకని కన్ను పడేటంత కొలువు ఇప్పుడు నా దగ్గర లేదు.

మీ దీవెన కోరే
సాయిలు