సరోజనకు కాగితం వచ్చింది

సరోజనక్కా,

గూడేల జనం కాగితాల కోసం ఆఫీసుల్లో గొంతెత్తి కొట్లాడిన నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ నీకొక ముచ్చట చెప్పాలి.

కాటారం అడవిగూడెంలో, ఏ కాగితమూ లేని వలస జంటకు ఆడపిల్ల పుట్టింది. వాళ్ల ఆనవాయితీ నీకు తెలిసిందే. పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు, ఏ పేరుకు ఏడుపు ఆపితే అదే బిడ్డ పేరు. పేర్లన్నీ అయిపోయినా పిల్ల ఆపలేదు. ముసలవ్వ విసుగెత్తి, "ఇగ ఆ సరోజననే పిలువుర్రి!" అంది. టక్కున ఆగింది.

పుట్టిన సర్టిఫికెట్ లేకపోతే రేపు ఆ పిల్లను ఏ దేశమూ తనదనదు. అందుకే ఆఫీసుకు తీసుకుపోయాం.

"ఈడనే పుట్టిందని ఏంది సాక్ష్యం?" అన్నాడు గుమస్తా.

నువ్వెప్పుడూ ఆఫీసుల్లో అనే మాటే అనేశాను: "మొదటి ఏడుపు ఈడనే ఏడ్చింది గద సారూ!"

ఆయన నవ్వాడు. కాన్పు చూసిన ఆశా కార్యకర్త సాక్ష్యం విని కాగితం ఇచ్చాడు.

అప్పుడు చిన్న సరోజన మళ్లీ ఏడుపు అందుకుంది. ఆఫీసంతా దద్దరిల్లింది.

అచ్చం నీ గొంతే, అక్కా.