సెకండ్స్ బుల్లెట్లు, ఫస్ట్ క్లాస్ ప్రతిజ్ఞ

సెప్టెంబరు 2, శనివారం

ఇక కొట్లో తూటా కొనను. కొంటే నా పేరు మెర్ల్ టోలెఫ్సన్ కాదు! పిస్టల్‌కి కావలసినవన్నీ మా గరాజ్‌లో నా చేత్తో నేనే నింపుకుంటాను. వాడేసిన ఇత్తడి గొట్టాలున్నాయి. తుపాకి మందు ఉంది. తూటాలు నొక్కి బిగించడానికి పోయిన మామగారి ప్రెస్సు ఉంది. గొట్టం కొసన బిగించే సీసపు బుల్లెట్లు ఇవాళే పోస్టులో వచ్చాయి. ఫ్యాక్టరీ సెకండ్స్! ఒంటి మీద గీతో మచ్చో ఉందని కంపెనీవాడు పక్కన పడేసిన సరుకు. కారు చవక. దూసుకుపోయేదానికి అందం దేనికి?

పెట్టె మోసుకొచ్చిన పోస్టావిడ నడుం పట్టుకుని, "ఇందులో ఏముంది నాయనా, సమాధి రాయా?" అంది.

మా ఆవిడ ఆర్డిస్ షరతు పెట్టింది. అక్టోబరులో జరిగే తుపాకీ క్లబ్బు పోటీలో నేను పేల్చే ప్రతి తూటా నా చేతిదే కావాలి. అలా అయితేనే తూటాలు నింపే నా బల్ల గరాజ్‌లో ఉంటుంది. లేకపోతే బల్ల బయటికి, ఆమె కారు లోపలికి.

"మోంటానా చలిలో పొద్దున్నే అద్దం మీద మంచు గీకి గీకి నా వేళ్ళు పోయాయి. బాగా ఆలోచించుకో."

ఆలోచించేదేముంది!

సెప్టెంబరు 4

సెలవు. గొట్టాలకి గుర్తులు పెట్టాను. క్లబ్బులో పేల్చడం అయ్యాక అందరం నేల మీద వంగి ఎవరి గొట్టాలు వాళ్ళం ఏరుకుంటాం, మళ్ళీ నింపుకోవడానికి. మిత్రుడు ఆరిన్‌ది ఆకుపచ్చ గీత. నాది ఎరుపు. ప్రతిదాని అడుగునా గీశాను. చూడముచ్చటగా ఉన్నాయి. నింపడం రేపటి నుంచి.

సెప్టెంబరు 9

నింపే ముందు బుల్లెట్లని ఏరాలి కదా. వంటింట్లోంచి చిన్న కేకులు కాల్చే గుంటల పళ్ళెం తెచ్చుకున్నాను. మంచివి, చెడ్డవి అని రెండు గుంటలతో మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి ఏడయ్యాయి. సన్న గీత. లావు గీత. చొట్ట. నెలవంక. ఒకదాని మరక అచ్చం మా పాస్టర్ గారి గడ్డం!

ఆర్డిస్ తొంగి చూసి, "ఏంటి, వీటికి అందాల పోటీ పెట్టావా? నా పళ్ళెం కడిగివ్వు" అంది.

సీసం అంటిన పళ్ళెం కడిగినా పనికిరాదని చెప్పాను. ఆమె చూసిన చూపు గురించి రాయను.

సెప్టెంబరు 17

ఇంకా ఏరుతున్నాను. చిక్కేమిటంటే, బాగున్నవి వాడబుద్ధి కావడం లేదు. పోటీకి దాచాలి. బాగోలేనివి నింపాలంటే నామోషీ. మధ్యరకం అయిపోయాయి. మళ్ళీ కలిపేసి మొదటి నుంచి ఏరుతున్నాను.

తయారైన తూటాలు: లేవు. కానీ బల్ల మీద వరసలు చూస్తే కడుపు నిండిపోతోంది!

సెప్టెంబరు 30

విల్లు పట్టుకుని ఎల్క్ దుప్పుల వేటకి వెళ్ళాను. నా తూటాల కోసం ఎల్కులు ఆగవు కదా. ఎల్కులు కనబడలేదు.

అక్టోబరు 14

నింపాను! పొద్దుటి నుంచి సాయంత్రం దాకా! ప్రెస్సు పిడి లాగడం, వదలడం, లాగడం, వదలడం. పెట్టె నిండింది. భుజం పడిపోయింది. అయినా పాటలు పాడుకుంటూ స్నానం చేశాను. ఎవరక్కడ, నన్ను ఆపండి చూద్దాం!

అక్టోబరు 15

ఆగిపోయాను.

తూటా పిస్టల్‌లో కూర్చోదు. మొదటిది కూర్చుంది. రెండోది సగంలో ఇరుక్కుంది. పోస్టులో వచ్చిన పెట్టెలో రెండు రకాల బుల్లెట్లు కలిసిపోయి ఉన్నాయి. గుండ్రటి మూతివి కొన్ని, మొద్దు మూతివి కొన్ని. రెంటినీ గొట్టంలోకి ఒకే లోతుకి నొక్కితే పనికిరాదు. నెలంతా ఏడు రకాల మచ్చలు చూశానే కానీ, మూతి చూడలేదు!

చూడ్డానికి వచ్చిన ఆరిన్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఒరేయ్, పిల్ల పుట్టుమచ్చలన్నీ లెక్కపెట్టి మొహం మర్చిపోయావురా!"

అక్టోబరు 16

తప్పు తూటాని విప్పాలంటే తల డొల్లగా ఉండే ప్లాస్టిక్ సుత్తిలో దాన్ని పెట్టి నేలకేసి కొట్టాలి. టక్. టక్. టక్. బుల్లెట్ ఊడుతుంది, మందు ఒలుకుతుంది. మళ్ళీ టక్. కుక్క ఇల్లొదిలి పక్కింటికి వెళ్ళిపోయింది.

"పక్కింటావిడ అడుగుతోంది, కోళ్ళగూడు కడుతున్నావా అని" అంది ఆర్డిస్.

"అవునని చెప్పు."

అక్టోబరు 21

మణికట్టు నొప్పి. పైగా టీవీలో ఫుట్‌బాల్. పైగా వాన. గరాజ్‌లో వాన పడదని ఆర్డిస్ గుర్తుచేసింది.

అక్టోబరు 27

రేపే పోటీ. పక్క ఊరు వెళ్ళాను. ఊరికే. కొట్టు దారిలోనే ఉంది. కొనలేదు. తెచ్చుకున్నాను, అంతే.

అట్టపెట్టెలు దారిలో చెత్తబుట్టలో పడేశాను. తూటాలు నా పాత డబ్బాలో సర్దాను. వెండిలా మెరుస్తున్నాయి. ఎవరు చూస్తారు?

అక్టోబరు 28

జన్మలో ఇంత బాగా పేల్చలేదు! గురికి నిలబెట్టిన ఇనుప పళ్ళాలన్నీ టంగుటంగున పడ్డాయి. చప్పట్లు! ఆరిన్ నా వీపు విరిగేలా చరిచాడు.

"ఏం కలుపుతున్నావురా అందులో?"

"ఓపిక" అన్నాను. సిగ్గులేదు నాకు.

అప్పుడే ఆర్డిస్ యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకుని వచ్చింది. మామూలుగానే అందరూ గొట్టాలు ఏరడానికి వంగారు. ఆరిన్ టోపీ తీసి, నా కోసం మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడు.

"ఎర్రగీతది ఒక్కటీ లేదేంట్రా? నువ్వు నిలబడింది ఇక్కడేగా? ఇవన్నీ కొత్తవి, వెండి రంగువి. ఎవడివో!"

ఆర్డిస్ వంగి ఒకటి తీసింది. అడుగున చూసింది. నన్ను చూసింది. దాన్ని నా చొక్కా జేబులో వేసి, రొట్టె కోసి అందరికీ పంచింది. తిట్టినా బాగుండేది. నిజంగా తల కొట్టేసినట్టయింది.

అక్టోబరు 29

మంచు పడింది. గరాజ్ తలుపు తీస్తే నా బల్ల లేదు. ఆమె కారు దర్జాగా లోపల ఉంది.

వెతికితే బల్ల బట్టలుతికే గదిలో కనబడింది, వాషింగ్ మెషీన్ పక్కన. ప్రెస్సు బిగించి కూడా ఉంది.

"మా నాన్న ప్రెస్సుని మంచులో పెట్టనిస్తాననుకున్నావా?" అంది ఆర్డిస్. "షరతు షరతే. కారు మాత్రం బయటికి రాదు."

క్షమించమన్నాను. వినిపించుకోనట్టు బట్టలు మడతపెడుతూ, "వసంతం పోటీకి నేను పేరిచ్చాను" అంది.

మామగారు పోయాక ఆమె పిస్టల్ పట్టుకోలేదు. ఆరేళ్ళు!

"కొట్టు సరుకు ముట్టుకోను. నువ్వు నింపిందే పేలుస్తాను. నా మొహం ముందు పేలేది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి."

భయమేసింది. అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది.

రేపటి నుంచి కాదు, ఇవాళే మొదలు. ముందు బుల్లెట్లని మూతుల్ని బట్టి ఏరాను. రెండే గుంటలు. తర్వాత ఒకే ఒక్క తూటా నింపాను. రెండుసార్లు కొలిచాను. పిస్టల్‌లో వేసి చూశాను. కూర్చుంది! వంటింట్లోకి పరుగెత్తాను. ఆర్డిస్ చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మచ్చ ఉందే."

"ఉంటుంది."

"సరే. ఇంకోటి చెయ్యి."